చక్రం ఒళ్ళో పెట్టుకుని అరసవల్లి దాకా

రథసప్తమి వెళ్ళిన మర్నాడు సైకిలు చక్రం ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. మామూలు చక్రం కాదు, మధ్యలో మోటారు ఉన్న చక్రం. చీరకి మసి అంటకుండా కింద గోనెసంచి పరుచుకున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ కాసేపు దాన్నే చూసి, "ఫేనేటమ్మా?" అని అడిగింది. కాదండీ, సైకిలు చక్రం అన్నాను. "మరి సైకిలేదీ?" అంది. ఇంట్లో ఉంది అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు గానీ, కొంచెం అటు జరిగి కూర్చుంది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. నాకు 49 ఏళ్ళు. గార మండలంలో ఒక ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఇల్లు శ్రీకాకుళం టౌన్లో, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఇంటి నుంచి బడికి 9 కిలోమీటర్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మావాడు పోయిన ఏడాది మడత పెట్టే కరెంటు సైకిలు ఒకటి కొనుక్కున్నాడు. తర్వాత వాడి ఆఫీసు ఇంటికి దగ్గరకొచ్చింది, సైకిలు మా ఇంటికొచ్చింది. 250 వాట్ల మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటదు, అందుకని లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదని వాడు ఫోన్లో పాఠం చెప్పాడు. స్కూటీ నేర్చుకోమంటే పదేళ్ళుగా వాయిదా వేస్తున్న నాకు ఆ మాట బాగా నచ్చింది.

మధ్యలో ఒక కీలు, హ్యాండిలు దగ్గర ఒక కీలు. రెండూ విప్పి మడిస్తే మెట్ల కింద మూల సరిపోతుంది. మా ఆయన దానికి మడతమంచం అని పేరు పెట్టారు. "మడతమంచం కిందకి దించనా?" అని రోజూ పొద్దున్నే అడుగుతారు. దించడానికేముంది, అది రాత్రంతా కిందే ఉంటుంది. పైకొచ్చేది బ్యాటరీ ఒక్కటే. మొత్తం బరువు 22 కిలోలు, మోసుకుంటూ రెండంతస్తులు ఎక్కే వయసు మా ఇద్దరికీ దాటిపోయింది.

చక్రాలు చిన్నవి, 20 అంగుళాలవి. ఒకరోజు కుట్టుమిషను టేపు తీసి ముందు చక్రం చుట్టుకొలత కొలిచాను, 155 సెంటీమీటర్లు వచ్చింది. అంటే బడికి చేరేలోపు అది 5,800 సార్లు తిరుగుతుంది. పెద్ద చక్రమైతే అదే దూరం నాలుగు వేల చిల్లర చుట్లలో పోతుంది. టైరు మీద ఒక్కో చోటు అన్ని ఎక్కువసార్లు నేలని తాకుతుందన్నమాట. పైగా పెద్ద చక్రం గెంతేసే గోతిలో ఇది కూర్చుంటుంది. మన రోడ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదటి పంచరు రథసప్తమి పుణ్యం. ఆ రోజు అరసవల్లి చుట్టుపక్కల బళ్ళు ఎలాగూ వెళ్ళనివ్వరు కాబట్టి సైకిలు దూరంగా మా పిన్నిగారింట్లో పెట్టి నడిచి వెళ్ళాం. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రోడ్డంతా పూలదండల ముక్కలు, కొబ్బరి చిప్పలు, చెప్పులు. ఇంటికి బాగానే చేరాను. పొద్దున్న చూస్తే ముందు టైరు నేలకి అతుక్కుపోయి ఉంది.

తోసుకుంటూ షాపులకి బయల్దేరాను. మొదటి షాపు కుర్రాడు చక్రం మధ్యలో లావుగా ఉన్న డబ్బాని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కరెంటుంది కదా మేడమ్, వైరేదైనా తెగితే మా మీదకొస్తాది." రెండో షాపతను కంపెనీవాళ్ళకే చూపించమన్నాడు. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే సైకిల్ని వైజాగ్ తీసుకురమ్మన్నారు. నూరు కిలోమీటర్ల పైమాట! ఒక పంచరు కోసం. మూడో ఆయన కాస్త దయ తలిచి, "చక్రం ఊడదీసి తెండి, టూబు సంగతి చూస్తాను" అన్నాడు. సరే, ఇంటికి తోసుకొచ్చాను. బడికి ఫోన్ చేసి ఆ పూట సెలవు చెప్పాను.

చక్రం ఊడదీయడం ఎలాగో వీడియోలు చూశాను. అందులో అబ్బాయి చిన్న గొళ్ళెం లాంటిది ఒకటి వెనక్కి తిప్పాడు, చక్రం చేతిలోకి వచ్చేసింది. మన చక్రానికి అలాంటి గొళ్ళెం లేదు. రెండు పక్కలా పెద్ద నట్లు, వాటిమీద రబ్బరు టోపీలు. ఇంట్లో ఉన్న పానాలన్నీ పెట్టి చూశాను, ఒక్కటీ పట్టలేదు. కింద వాటాలో ఉండే ఆర్టీసీ డ్రైవరు గారి దగ్గర 18 నంబరు పానా దొరికింది. మోటారు లేని ముందు చక్రానికైతే మామూలుగా 15 నంబరు సరిపోతుందట. మోటారు ఇరుసు లావు, దాని నట్టూ పెద్దదే.

బ్యాటరీ తీసేశాను. ఇది మాత్రం ఎవరూ చెప్పకపోయినా తెలుసు. తర్వాత పాత బొంత పరిచి, స్పీడు చూపించే డబ్బా నేలకి తగలకుండా పక్కకి తిప్పి, సైకిల్ని తలకిందులుగా నిలబెట్టాం. మడత సైకిల్లో ఒక చిక్కుంది. హ్యాండిలు కాడకి కూడా కీలుంటుంది కదా, బరువంతా దాని మీద పడితే అటూ ఇటూ ఊగుతుంది. అందుకని మా ఆయన వెనక చక్రం పట్టుకుని కూర్చున్నారు. పేపరు చదువుతూ.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ముందు వైరు విప్పాలి, తర్వాత నట్లు. నేను నట్లతో మొదలుపెట్టాను. అవి చచ్చినా కదల్లేదు. చివరికి పానా మీద కాలు పెట్టి నొక్కితే టక్కుమంది. రెండో పక్క కూడా అలాగే. చక్రం గాడిలోంచి పైకి లేచింది, సంబరంగా ఎత్తాను. ఎత్తేసరికి ఇరుసులోంచి వచ్చే నల్ల వైరు బిగుసుకుంది. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు వెంబడి రెండు ప్లాస్టిక్ ట్యాగులతో దాన్ని కట్టారు, నేను గమనించలేదు. నాలుగు కిలోల పైచిలుకు చక్రం పక్కకి ఒరిగి ఆ వైరు మీద వేలాడుతోంది. "ఏవండీ, ఏవండీ!" అని అరిచాను. ఆయన పేపరు వదిలేసి వచ్చి పట్టుకున్నారు. ఆ ట్యాగులు కత్తిరించి, హ్యాండిలు వైపు వేలంత లావున ఉన్న గుండ్రటి కనెక్టర్ దాకా వెళ్ళడానికి ఇంకో పది నిమిషాలు.

కనెక్టర్ ఊడదీసేటప్పుడు రెండో తప్పు. సీసా మూత అనుకుని తిప్పాను. అది తిప్పేది కాదు, నిటారుగా లాగేది. రెండు ముక్కల మీదా చిన్న బాణం గుర్తులుంటాయి, తిరిగి పెట్టేటప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఆ గుర్తులు నా కళ్ళకి ఆనవు. లోపల తొమ్మిది సన్నటి సూదులు, నేను తిప్పిన తిప్పుడికి ఒకటి పక్కకి వాలింది. పిన్నీసుతో దాన్ని నిలబెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. పిల్లలకి సర్క్యూట్లు చెప్పేటప్పుడు ఎప్పుడూ వణకలేదు.

మూడో తప్పు వాషర్లు. నట్టు కింద ఒకటి కాదు, పక్కకి రెండేసి ఉన్నాయి. అందులో ఒకదానికి చిన్న పన్ను ఉంది. ఏది లోపల, ఏది బయట అని చూసుకోకుండా అన్నీ ఒక చోట పోశాను. ఒకటి దొర్లి తులసి కుండీ కిందకి పోయింది. చక్రం ఊడింది, నా సంబరం కూడా ఊడింది.

మూడో షాపుకి వెళ్ళేసరికి ఆయన షట్టరు దించేసి భోజనానికి వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలో తోచక బడికి ఫోన్ చేస్తే మా అటెండరు చెప్పాడు, అరసవల్లి మిల్లు జంక్షన్ దాటాక రోడ్డు పక్కన చెట్టు కింద ఒక ముసలాయన కూర్చుంటాడు, నలభై ఏళ్ళుగా అదే పని, వెళ్ళండి అని. అలా ఎక్కానన్నమాట ఆ ఆటో.

ముసలాయన నన్నూ, నా ఒళ్ళో చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"సైకిలేదమ్మా?"

"ఇంట్లో ఉంది బాబాయ్."

"సెయ్యి నొప్పెడితే సెయ్యి కోసి ఆస్పత్రికి తెస్తారేటి, తల్లీ?"

ఆటో దిగినవాళ్ళూ చెరుకురసం బండివాడూ అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, రెండు నిమిషాల తర్వాత.

ఆయన చక్రాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని చెప్పాడు. సైకిలు పంచరుకి చక్రం ఎందుకు ఊడదీస్తారు? టైరు ఒక పక్క అంచు రిమ్ము మీదనించి ఇవతలకి తీస్తే చాలు, లోపలి టూబు బయటికొస్తుంది. వాల్వు దాని చోట అదుంటుంది. కన్నం ఎక్కడుందో ఆ జానెడు టూబు లాగి, అతికించి, లోపలికి తోసి, టైరు ఎక్కించెయ్యడమే. "ఈ మోటారుతో మీకేటి పని? దాని దారిన అదుంటాది." చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలుకి పంచరు పడితే షాపువాడు చక్రం ఊడదీయడం నేను ఒక్కసారైనా చూశానా? లేదు. చూసిందంతా మర్చిపోయి వీడియో చూశాను.

ఆయన పని చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ముందు టైరు పైభాగం వేళ్ళతో తడిమాడు. వాల్వు తెరిచి మిగిలిన గాలి వదిలేశాడు. రెండు ఇనప చెంచాల్లాంటి లివర్లు, కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. ఒకటి అంచు కింద పెట్టి వంచి చక్రం పుల్లకి (స్పోకుకి) ఆనించాడు, రెండోది జానెడు అవతల పెట్టి లాగాడు. చర్రుమని అంచు ఊడింది. టూబు లాగి గాలి కొట్టి, సగం కోసిన నూనె డబ్బాలో నీళ్ళుంటే అందులో కొంచెం కొంచెం ముంచుతూ తిప్పాడు. ఒక చోట బుడగలు వరసకట్టి వచ్చాయి, ఆవగింజంతవి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాడు. అగ్గిపుల్ల గుచ్చేవాళ్ళు కూడా ఉన్నారట, "కన్నం పెద్దది సేసుకోడానికి" అన్నాడు.

ప్యాచీ కొన్నది కాదు. పాత టూబులోంచి రూపాయి బిళ్ళంత ముక్క గుండ్రంగా కత్తిరించాడు. మూలలుంటే అక్కణ్ణించే లేస్తుందట. ఆ ముక్కనీ, టూబు మీద గుర్తు చుట్టూ ఉన్న చోటునీ ఉప్పుకాగితంతో గరగరా రుద్దాడు, మెరుపు పోయి బూడిదరంగు వచ్చేదాకా. రెండిటికీ సొల్యూషన్ పల్చగా రాశాడు. రాసి, టూబుని మోకాలి మీద వేసుకుని బీడీ తీశాడు.

"అతికించరా బాబాయ్?"

"ఆరాల కదమ్మా."

ఇంత సైన్సు చెప్పే నాకు ఆ మాట అప్పుడు తట్టలేదు. సొల్యూషన్ అంటే రబ్బరుని కరిగించి పెట్టిన ద్రావణమే కదా. దానిలో ఉన్న ద్రావణి ఆవిరైపోతేనే రబ్బరూ రబ్బరూ కలుస్తాయి. తడిగా ఉన్నప్పుడే అతికిస్తే ఆ ద్రావణి మధ్యలో ఇరుక్కుపోతుంది, ఆవిరయ్యే దారి లేక ప్యాచీని జారనిస్తూ ఉంటుంది. ఐదు నిమిషాలయ్యాక ఆయన వేలి వెనక భాగంతో తాకి చూశాడు. అంటుకోవాలి గానీ తడి రాకూడదు. ఊదడం మాత్రం ఊదలేదు. నోటి తడి తగులుతుందని నేను అనుకున్నాను, బీడీ నోట్లో ఉండటం వల్ల కూడా కావచ్చు. తర్వాత ముక్క పెట్టి, చిన్న సుత్తితో మధ్యనుంచి అంచులకి కొట్టుకుంటూ వచ్చాడు.

టూబు లోపల పెట్టే ముందు టైరు లోపల వెతికాడు. కన్నం చేసింది ఇంకా అక్కడే ఉంటే కాసేపట్లో మళ్ళీ పొడుస్తుంది. దొరికింది, పూలదండ కట్టే సన్నటి ఇనప తీగ, గోరంత ముక్క. దాన్ని నా అరచేతిలో పెట్టి, "సూర్యనారాయణుడి ప్రసాదం" అన్నాడు. 30 రూపాయలు తీసుకున్నాడు.

తిరిగి బిగించడం ఆ సాయంత్రం పని. తులసి కుండీ కింద వాషరు దొరికింది. ఆ పన్ను ఎందుకో మావాడు వీడియో కాల్లో చెప్పాడు. మోటారు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగబోతుంది, ఇది న్యూటన్ మూడో సూత్రమే. మామూలు సైకిలు ఇరుసుకి ఆ బాధ లేదు. అందుకే పన్ను ఫోర్కు గాడిలోకి దిగేట్టు ఆ వాషరు పెట్టి, నట్టు గట్టిగా బిగించాలి. వదులుగా ఉంటే ఇరుసు గిర్రున తిరిగి, లోపల్నుంచి వచ్చే వైరుని మెలేసి తెంపేస్తుంది. గాడి కూడా అరిగిపోతుంది. వైరు బయటికొచ్చే పక్క కిందకి చూస్తుండాలి, లేకపోతే వానాకాలం నీళ్ళు వైరు వెంట మోటారులోకి దిగుతాయి. ఈ రెండూ ఒక కాగితం మీద రాసి బ్యాటరీ పెట్టె మూతకి అంటించాను.

చక్రం గాడిలో పెట్టేటప్పుడు బ్రేకు డిస్కు రెండు ప్యాడ్ల మధ్యకి సూటిగా దూరాలి. మొదటిసారి అది ప్యాడుకి రాసుకుంటూ కర్రుకర్రుమంది. బ్రేకు పెట్టె బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, బ్రేకు పట్టుకుని, అలాగే బిగిస్తే సర్దుకుంది. నాది వైరు లాగే బ్రేకు. నూనెతో నడిచే బ్రేకైతే చక్రం బయట ఉన్నప్పుడు పొరపాటున కూడా లివరు నొక్కకూడదట, ప్యాడ్లు దగ్గరకొచ్చి కూర్చుంటాయి, మధ్యలో అట్టముక్క పెట్టుకోవాలి. డిస్కుని మసి చేతులతో ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్నాను, మర్నాడు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర బ్రేకు జారింది. గుండె గొంతులోకొచ్చింది.

రెండో పంచరు వేసవి మొదట్లో, గార రోడ్డు మీద. బడికి వెళ్ళే అడ్డదారి ఇసకదారి, దాని పక్కన పల్లేరు తీగలు. పల్లేరుకాయ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఈసారి సంచిలో సరంజామా ఉంది. లివర్ల బదులు స్టీలు చెంచాలు రెండు, ఉప్పుకాగితం, సొల్యూషన్, ముసలాయన దగ్గర అడిగి తెచ్చుకున్న పాత టూబు ముక్కలు, చేతి పంపు. స్క్రూడ్రైవరు మాత్రం పెట్టుకోలేదు, దానితో పొడిస్తే ఒక కన్నం రెండవుతుందని ఆయన ముందే చెప్పాడు.

సైకిల్ని పక్కకి పడుకోబెట్టి, డిస్కు లేని పక్క నుంచి అంచు ఊడదీశాను. చక్రం ముట్టుకోలేదు. బడికెళ్ళే పిల్లలు ఆరుగురు చుట్టూ చేరారు. నీళ్ళు లేవు, టూబుని చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే చల్లగా గాలి తగిలింది. కన్నం వాల్వు నుంచి ఎంత దూరమో జానలతో కొలిచాను, టైరులో కూడా అంతే దూరంలో వెతకొచ్చు. వేలు పెట్టి వెతికితే వేలు తెగుతుంది. నా దగ్గర మా ఆయన చిరిగిన పొందూరు ఖద్దరు పంచె ముక్క ఉంది. టైరు లోపల దాన్ని మెల్లగా జరుపుతూ పోతే ఒక చోట పోగు పట్టుకుని ఆగిపోయింది. తిప్పి చూస్తే పల్లేరు ముల్లు కొస, నువ్వుగింజలో సగం. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వుతారని ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతి చెప్పింది, వాళ్ళ అమ్మమ్మ వడుకుతుందట. అంత సన్నటి పోగు కాబట్టే అంత చిన్న ముల్లూ తగులుకుంది కాబోలు. మా ఆయన మాత్రం పంచె సంగతి తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు.

అంతా బాగానే చేశాను, ఒక్కటి తప్ప. బెల్లు కొట్టే టైమయిందని సొల్యూషన్ ఆరనివ్వలేదు. రెండు కిలోమీటర్లు కూడా పోకుండానే చక్రం మళ్ళీ చదునయింది. విప్పి చూస్తే ప్యాచీ తడి సబ్బులా జారుతోంది. ద్రావణి గురించి పిల్లలకి చెప్పే మనిషిని! ఆ రోజు సైకిల్ని మడిచి షేర్ ఆటో వెనక పెట్టించాను. మడతమంచం అనే పేరు సార్థకమైంది.

టూబులో పోసే పచ్చటి ద్రవం ఒకటి దొరుకుతుంది, ముల్లు గుచ్చుకున్నా దానంతట అదే మూసుకుంటుందని. పోసి చూశాను. చిన్న ముళ్ళకి పనిచేసింది. కానీ ప్యాచీ వెయ్యాల్సి వచ్చినప్పుడు కన్నంలోంచి అది కారుతూనే ఉంటుంది, ఏదీ అతకదు. ముసలాయన దాన్ని చూసి "ఇదేటి, పచ్చడా?" అన్నాడు. మళ్ళీ పొయ్యలేదు.

చక్రం నిజంగా ఊడదీయాల్సింది మూడోసారి. తప్పు నాదే. గాలి తగ్గినా పట్టించుకోకుండా నెల రోజులు తిరిగాను. గాలి తక్కువున్న టైరు రిమ్ముని గట్టిగా పట్టుకోదు. మోటారు ఉన్నది ముందు చక్రంలోనే కదా, అది లాగినప్పుడు ఒక వైపు, బ్రేకు వేసినప్పుడు ఇంకో వైపు టైరు రిమ్ము మీద పిసరంత జారుతుంది, టూబుని కూడా లాక్కెళుతుంది. వాల్వు మాత్రం రిమ్ము కన్నంలో ఇరుక్కుని ఉంటుంది, అది కదలదు. కొన్నాళ్ళకి అది పక్కకి వాలుతుంది, ఒకరోజు మొదట్లో చిరుగుతుంది. వాల్వు వాలి కనబడితే గాలి తీసి సర్దుకోవాలి. నాకు వాలినట్టు కనబడింది. బాగానే ఉందిలే అనుకున్నాను.

వాల్వు మొదట్లో చిరిగితే ప్యాచీ పడదు, టూబు మార్చాలి. చక్రం బయటికి రాకుండా టూబు మొత్తం ఊడి రాదు. కొత్త టూబుకి కంపెనీవాళ్ళని అడిగితే పది రోజులన్నారు. ముసలాయన ఫోన్లో నవ్వి, "పిల్లల సైకిలు టూబు కాదేటమ్మా అది?" అన్నాడు. టైరు పక్కన రాసున్న అంకెలు చూసుకుని, 20 అంగుళాల పిల్లల సైకిలు టూబు కొన్నాను. దాని వాల్వు పాత రకం, లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉండేది. రిమ్ము కన్నం స్కూటరు వాల్వుకి చేసింది కాబట్టి ఇదీ దూరింది. పెట్రోలు బంకులో గాలి పట్టించుకోవడం కుదరదు, అంతే. ఒకందుకు మంచిదే, అక్కడి మిషను ఇంత చిన్న టూబుని క్షణంలో ఉబ్బించి పేల్చేయగలదు.

ఈసారి తప్పుల్లేవు. బ్యాటరీ, తర్వాత ట్యాగులు, తర్వాత కనెక్టర్, చివర్న నట్లు. విప్పిన ప్రతిదీ విప్పిన వరసలో పళ్ళెంలో పెట్టి ఫోటో తీశాను. రిమ్ము లోపలి పట్టీ పక్కకి జరిగి పుల్లల కొసలు బయటపడ్డాయేమో చూశాను. కొత్త టూబుకి గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రం కొట్టి, పౌడరు రాసి, వాల్వు కన్నంలో దూర్చి, టూబుని సర్దుకుంటూ వెళ్ళాను.

రెండో అంచు ఎక్కించడంలో కిటుకంతా చివరి జానెడులో ఉంది. అది తీగలా బిగుసుకుపోతుంది, చెంచా పెట్టి ఎక్కించెయ్యాలనిపిస్తుంది. ఎక్కిస్తే కింద టూబు నలిగి కొత్త టూబుకి కొత్త కన్నం. దాని బదులు చక్రం అవతలి పక్కకి వెళ్ళి, అప్పటికే ఎక్కిన అంచుని రెండు బొటనవేళ్ళతో రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి దించుకుంటూ ఇటు రావాలి. పల్లంలో చుట్టుకొలత తక్కువ కాబట్టి ఆ మిగిలిన వదులంతా చివరి జానెడుకి చేరుతుంది. అరచేతి మడమతో నెడితే "టప్" మని కూర్చుంది. ఆ చప్పుడు వినడానికి ఇంకోసారి ఊడదీద్దామనిపించింది. వాల్వు దగ్గర ముగించి, వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదిలాను, అంచు కింద టూబు ఇరుక్కోకుండా. మొత్తం 40 నిమిషాలు. మా ఆయన పేపర్లో రెండో పేజీ దాటలేదు.

నట్లు బిగించాక కిలోమీటరు తొక్కి వచ్చి మళ్ళీ పానా వేస్తే ఇంకో పావు చుట్టు తిరిగింది. ప్రతి ఆదివారం గాలి కొడుతున్నాను, టైరు మీద రాసున్న అంకె లోపల, నా బరువుకి 50 పీఎస్ఐ సరిపోతోంది.

పోయిన వారం మధ్యాహ్నం బడిలో ఉండగా ముసలాయన ఫోన్. టిఫిన్లు తెచ్చిచ్చే కుర్రాడొకడు కరెంటు సైకిలు తెచ్చాడట, వాడిదీ వాల్వు దగ్గరే చిరిగిందట. చక్రం ఊడదీయక తప్పదు.

"ఈ వైరు ఎటు తిప్పాల టీచరమ్మా?"

"తిప్పొద్దు బాబాయ్! నిటారుగా లాగండి. బ్యాటరీ తీశారా?"

"తీయించినాను. వచ్చీసింది. మరి మళ్ళీ పెట్టినపుడు?"

"రెండిటి మీదా బాణం గుర్తుంటుంది, ఎదురెదురుగా పెట్టాలి."

కాసేపు నిశ్శబ్దం. రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపిస్తోంది.

"బాణమేటి, నాకేటీ కనపడ్డంలేదు తల్లీ."

"నాకూ కనపడదు బాబాయ్. ఆ కుర్రాణ్ణి చూడమనండి."